ముప్పై మిల్లీమీటర్ల వంకర: ఒక చర్చి నమూనా డైరీ

ఫిబ్రవరి 11

ఇంగ్లండులో షెఫీల్డ్ నుంచి డెర్బీకి రైల్లో ఉద్యోగానికి తిరగడం మొదలుపెట్టి ఆరేళ్లయింది. దారిలో చెస్టర్‌ఫీల్డ్ వస్తుంది. స్టేషన్ ఇంకా రాకముందే, ఇళ్ల కప్పుల మీదుగా లేచిన అక్కడి చర్చి సీసపు శిఖరం కిటికీలోంచి కనిపిస్తుంది. ఎవరో పైకొస పట్టుకుని తడిబట్ట పిండినట్టు మెలి తిరిగి, ఒక పక్కకు వాలి ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు నా కళ్లజోడు మీద అనుమానం వచ్చింది. రెండోసారి రైలు అద్దం మీద. మూడోసారికి పక్క సీటు పెద్దమనిషే జాలిపడి, ‘అది అంతే’ అన్నాడు.

చర్చి అసలు పేరు సెయింట్ మేరీ అండ్ ఆల్ సెయింట్స్. ఊళ్లో ‘వంకర శిఖరం’ అంటే చాలు. అక్కడి ఫుట్‌బాల్ జట్టు ముద్దుపేరు కూడా స్పైరైట్స్, అంటే శిఖరం వాళ్లు.

దీని నమూనా ఒకటి కర్రతో చేయాలని రెండేళ్లుగా అనుకుంటున్నాను. ఈ చలికాలం గ్యారేజీలో ఒక మూల ఖాళీ చేశాను. ఇవాళ లెక్కలు వేశాను. నేల నుంచి కొస వరకు 228 అడుగులు. మెలిక 45 డిగ్రీలు. కొస ఉండాల్సిన చోటు నుంచి 9 అడుగుల 6 అంగుళాలు నైరుతికి వాలింది. అడుగుకు అంగుళంలో ఎనిమిదో వంతు, అంటే 1:96 స్కేలు తీసుకుంటే మొత్తం ఎత్తు 28.5 అంగుళాలు, వాలు 30 మిల్లీమీటర్లు. చేసేదంతా ఆ 30 మిల్లీమీటర్ల కోసమే.

సాయంత్రం నాన్నకు ఫోను చేశాను. రాజమహేంద్రవరం దగ్గర పల్లెలో నలభై ఏళ్లు వడ్రంగం చేసిన మనిషి. ఇప్పుడు చేతులు వణుకుతాయి కానీ కన్ను మాత్రం ఇంకా మూలమట్టమే. విషయం విని, ‘నైరుతి బరువుంటే మంచిదే కదమ్మా, వాస్తు చూసే కట్టినట్టున్నారు’ అన్నారు.

ఫిబ్రవరి 25

రెండు వారాలు వృథా. రాసి పెట్టుకోవడం నయం.

లైమ్ అనే మెత్తని కర్ర దుంగ కొన్నాను. అష్టభుజి గీసి, మెలిక గీతలు పెన్సిలుతో వేసి, ఉలితో చెక్కుకుంటూ వెళ్లాను. కొలతలు అన్నీ సరిపోయాయి. కొసన దారానికి గుండు కట్టి చూస్తే వాలు 30 మిల్లీమీటర్లకు వెంట్రుకవాసి తేడా లేదు. గీతల మధ్య దూరం కూడా సరిగ్గా ఉంది. చూస్తే మాత్రం మెలితిప్పిన పంచదార మిఠాయిలా ఉంది. మా ఆయన లోపలికి వచ్చి, ‘ఐస్‌క్రీం కోనా?’ అని అడిగి వెళ్లిపోయారు.

వీడియో కాల్‌లో నాన్నకు చూపించాను. చాలాసేపు అటూ ఇటూ తిప్పించి చూశారు.

‘ఇది వంగిన కర్ర కాదమ్మా. వంగినట్టు చెక్కిన కర్ర.’

ఫోను పెట్టేసి అరగంట కోపంగా కూర్చున్నాను. ఆ మాటే నిజం. అసలు శిఖరాన్ని ఎవరూ మెలికగా కట్టలేదు. తిన్నగా కట్టారు, తర్వాత అదే మెలి తిరిగింది. నేను మొదలుపెట్టిన చోటే తప్పు.

మార్చి 9

శనివారం. పని మొత్తం ఆపి చర్చికే వెళ్లాను. ఈసారి రైలు దిగాను.

దగ్గరికి వెళ్తుంటే శిఖరం పోకడ అడుగడుగుకూ మారుతుంది. ఒక వీధిలోంచి దాదాపు తిన్నగా ఉంటుంది. మలుపు తిరగ్గానే మీద పడబోతున్నట్టు కనిపిస్తుంది. సీసం రేకులను చేపముల్లు ఆకారంలో, ఒక్కో ముఖాన్ని నిలువునా రెండుగా చీల్చి, అటొక ఏటవాలు ఇటొక ఏటవాలుగా పరిచారు. అందువల్ల ఎనిమిది ముఖాలున్న శిఖరం పదహారు ముఖాలున్నట్టు భ్రమ కలిగిస్తుంది. నా చెక్కుడు బొమ్మ మిఠాయిలా తయారవడానికి ఇదొక కారణం. మెలికలో సగం కర్రలో ఉంటే, సగం ఆ సీసపు అతుకుల్లో ఉంది.

చెస్టర్‌ఫీల్డ్‌కు సంత పెట్టుకునే హక్కు 1204లో జాన్ రాజు ఇచ్చాడు. ఊళ్లో ఇప్పటికీ సంత నడుస్తుంది. నేను వెళ్లినప్పుడు ఒకాయన పాత ఉలులు అమ్ముతున్నాడు, రెండు కొన్నాను. చర్చిని 1234లో ప్రతిష్ఠించారని చెబుతారు. ఇప్పుడు నిలబడి ఉన్నదాంట్లో ఎక్కువ భాగం ఆ తర్వాతి శతాబ్దపు పని. శిఖరం 1362 ప్రాంతంలో వచ్చింది. ఇది బిషప్ కూర్చునే కథీడ్రల్ కాదు, ఊరి చర్చి, పారిష్ చర్చి. డెర్బీషైర్ మొత్తంలో దీనికంటే పెద్ద చర్చి లేదన్నది వేరే సంగతి. ఊళ్లోని వర్తకులు, చేతిపనివాళ్లు సంఘాలుగా చేరి, ఆ సంఘాల పేరిట లోపల చిన్న చిన్న ప్రార్థనా మందిరాలు నడిపారు. తరాలు మారాయి, మేస్త్రీలు మారారు, అభిరుచులు మారాయి. ఒక కిటికీ ఒక కాలానిది, దాని పక్క కిటికీ ఇంకో కాలానిది.

చిన్నప్పుడు మెదక్ చర్చి చూపించడానికి బడివాళ్లు తీసుకెళ్లారు. అదీ దీని లాగే మొనదేలిన కమానుల గోతిక్ పోకడే, కానీ 1924లో పూర్తయింది. ఒక్క ఊపులో, ఒక్క నక్షాతో కట్టినది కాబట్టి ఎక్కడ నిలబడి చూసినా లెక్క ఒకటే. చెస్టర్‌ఫీల్డ్‌లో ఒక మూల లెక్క ఇంకో మూల చెల్లదు. మెదక్ చూసిన కళ్లతో దీని నక్షా గీయబోయి, రెండుసార్లు చింపేశాను.

లోపల మేరీమాత పేరిట ఉన్న లేడీ చాపెల్ అనే ప్రార్థనా మందిరంలో ఫోల్‌జామ్ కుటుంబం వాళ్ల సమాధులున్నాయి. పాలరాయిలా మెరిసే అలబాస్టర్‌లో చెక్కిన మనుషులు చేతులు జోడించి పడుకుని ఉంటారు. ఒక్కో మడత, ఒక్కో వేలు చూస్తూ ఎంతసేపైనా నిలబడవచ్చు. నేను నిలబడ్డాను కూడా, కాళ్లు నొప్పి పుట్టేదాకా.

శిలువ ఆకారపు చర్చికి ఉత్తరపు బాహువు దగ్గరికి వచ్చేసరికి రాయి రంగు, కర్ర రంగు తేడాగా అనిపించాయి. 1961 డిసెంబరులో ఇక్కడ నిప్పంటుకుంది. 1756లో జాన్ స్నెట్‌జ్లర్ చేసిన ఆర్గన్ వాద్యం అందులో కాలిపోయింది. తర్వాత గ్లాస్గో నగర హాలులో వాడకుండా ఉన్న ఇంకో ఆర్గన్‌ను తెచ్చి పెట్టారు. పక్కనే గోపురం, దాని నెత్తిన ఆరు వందల ఏళ్లుగా ఎండిన ఓక్ కర్రల పోగు, దాని మీద సీసం. ఆ రాత్రి మంట ఇంకొంచెం పైకి పాకి ఉంటే ఇవాళ నాకు ఈ ప్రాజెక్టు లేదు.

టికెట్టు కొని గోపురం ఎక్కాను. చుట్టుమెట్లు ఎంత ఇరుకంటే, ఎదురుగా మనిషి వస్తే ఎవరో ఒకరు వెనక్కి దిగాల్సిందే. పైన శిఖరం లోపలికి తల ఎత్తి చూడవచ్చు. చూశాను. అప్పటిదాకా నేను ఊహించింది ఖాళీ గొట్టం. కనిపించింది చిట్టడవి. నిలువు వాసాలు, అడ్డ దూలాలు, వాటిని అడ్డగిస్తూ తర్వాతి కాలాల్లో దూర్చిన ఊతలు. ఏ కర్రా ఇంకో కర్రకు సమాంతరంగా లేదు. ఈ మొత్తాన్ని గోపురానికి బిగించలేదు, తన బరువుతోనే అది రాతి మీద కూర్చుని ఉంది.

చెక్కుడు బొమ్మను ఆ రాత్రే పక్కన పడేశాను.

మార్చి 10

నిన్న విన్న కథలు మరిచిపోకముందే రాస్తున్నాను. దగ్గరి ఊరు బోల్సోవర్ కమ్మరి ఒకడు సైతాను డెక్కకు నాడా కొడుతూ మేకు మాంసంలోకి దింపాడట. సైతాను నొప్పితో ఎగిరి శిఖరం మీదుగా పోతూ తన్నితే ఇలా తిరిగిందట. ఇంకో కథ: చర్చిలో పెళ్లికి వచ్చిన కన్యను చూసి ఆశ్చర్యపోయిన శిఖరం తొంగి చూసి అలాగే ఉండిపోయిందట, ఇంకో కన్య వస్తే మళ్లీ తిన్నగా అవుతుందట. రెండో కథ చెప్పేటప్పుడు ఆ ఊరివాళ్లు సొంత ఊరి ఆడపిల్లల మీదే ఎంత ఉత్సాహంగా జోకు వేసుకుంటారో చూస్తే, సైతానే నయమనిపిస్తుంది.

మార్చి 30

మూడు వారాలు చర్చి ఒంటి మీదే పోయాయి. శిలువ ఆకారపు నక్షా, మధ్యలో గోపురం. గోడలు ప్లైవుడ్‌తో, కిటికీల్లోని రాతి జాలీలు అట్టతో. జాలీల గురించి రాయడానికి ఏమీ లేదు. కత్తి మొన మార్చడం, కోయడం, చింపుకోవడం, మళ్లీ కోయడం, అంతే.

రాయదగ్గది ఒక్కటే, కమానులు. నడిమి హాలుకు, పక్క నడవలకు, గోపురం కింది కూడలికి వేర్వేరు వెడల్పుల కమానులు కావాలి. అన్నింటి కొసలూ ఒకే ఎత్తుకు వస్తే బాగుంటుంది. మొదట తెలివితక్కువగా వృత్తలేఖినితో అర్ధవృత్తాలు గీశాను. అర్ధవృత్తానికి ఎత్తు వెడల్పులో సగమే. వెడల్పు మారితే ఎత్తు మారక తప్పదు. అదే రెండు చాపాలను కొసన కలిపి మొనదేలిన కమాను గీస్తే, వెడల్పు ఎంతైనా ఎత్తు నాకు నచ్చినంత పెట్టుకోవచ్చు. గోతిక్ అంటే ఆకాశం వైపు చూసే భక్తి అని చదివినప్పుడల్లా తల ఊపేదాన్ని. ఆరు అట్టముక్కలు పాడుచేశాక అది మేస్త్రీ కష్టం తీర్చిన ఉపాయమని తెలిసింది. పైగా మొనదేలిన కమాను బరువును పక్కలకు తక్కువ నెట్టి కిందికి ఎక్కువ దింపుతుంది. అందుకే గోడ పలచన చేసి కిటికీ పెద్దది చేయగలిగారు. మిగిలిన నెట్టుడును బయటి ఆనుగోడలు కాసుకుంటాయి.

కూడలిలో నాలుగు స్తంభాలు నిలబెట్టాను. గోపురం, శిఖరం వీటి మీదే. ఇక్కడ మాత్రం టేకు వాడాను.

ఏప్రిల్ 13

శిఖరాన్ని ఈసారి తిన్నగా కట్టి, దానంతట దాన్ని మెలి తిరగనివ్వాలి. అసలు మెలిక ఎందుకొచ్చిందని చెస్టర్‌ఫీల్డ్‌లో అడిగితే మూడు కారణాలు చెబుతారు. ఒకటి, పచ్చి ఓక్ వాడారు. రెండు, 33 టన్నుల సీసం నెత్తిన పెట్టారు, కింది చట్రం అంత బరువుకు కట్టింది కాదు. మూడు, 1348లో వచ్చిన మహమ్మారి పనితెలిసిన వడ్రంగులను తుడిచిపెట్టింది, మిగిలినవాళ్లు ఏటవాలు ఊతలు చాలినన్ని పెట్టలేదు.

పచ్చి కర్ర మాట వినగానే నాన్న అడ్డు తగిలారు. ‘పచ్చి కర్రతో తలుపు చేస్తే వానాకాలానికి మూసుకోదు, నిజమే. కానీ అంతంత దూలాలను ఎండబెట్టి కోసేవాళ్లు ఎవరు? ఉలి దిగొద్దూ?’

ఆయన అనుభవంతో అన్నది చరిత్రకూ సరిపోతుంది. ఆ రోజుల్లో ఓక్‌ను పచ్చిగా ఉన్నప్పుడే చెక్కేవాళ్లు, ఎండితే రాయిలా అవుతుంది కాబట్టి. ఇంగ్లండులో ఆ కాలపు కప్పులు చాలావరకు అలా కట్టినవే, అవన్నీ మెలితిరగలేదు. కాబట్టి పచ్చిదనం ఒక్కటే దోషి కాదు. నా అనుమానం మూడో కారణం మీద ఎక్కువ. మొదటి రెండూ దానికి సాయం పట్టాయి.

ఇప్పుడు బరువు లెక్క. 33 టన్నుల సీసాన్ని 1:96 స్కేలుకు కుదిస్తే, 96ను 96తో, మళ్లీ 96తో హెచ్చించి భాగించాలి. వచ్చేది 38 గ్రాములు. నాలుగు పౌండు నాణేల కంటే కాస్త ఎక్కువ బరువు, అంతే! నాణేలు అంటించి చూశాను. చట్రం చలించలేదు, చలించదు కూడా. వస్తువును చిన్నది చేస్తే బరువు ఘనంగా తగ్గుతుంది, కర్ర అడ్డకోత వైశాల్యం మాత్రం వర్గంగానే తగ్గుతుంది. అంటే నా బుల్లి వాసాలు, పోలిస్తే, అసలు వాసాల కంటే 96 రెట్లు సుఖంగా ఉన్నాయి. అసలు దానికి ఉన్నంత కష్టం పెట్టాలంటే 38 గ్రాములను 96తో హెచ్చించాలి. మూడు కిలోల ఆరు వందల గ్రాములు.

వంటింట్లోంచి సోనామసూరి తూచి తెచ్చుకున్నాను.

ఏప్రిల్ 28

పక్కింటివాళ్లు గత వారం ఓక్ కొమ్మ కొట్టించారు. ఒక ముక్క అడిగి తెచ్చుకుని, బెరడు తీసి, సన్నని పట్టీలుగా చీల్చాను. చేతికి తడి తగులుతోంది, ముక్కుకు పుల్లటి వాసన.

జానెడు ఎత్తు పరీక్ష చట్రాలు మూడు చేశాను. ఒక్కోదానికి ఎనిమిది వాసాలు, మధ్యలో రెండు అష్టభుజి కట్లు, పైన చిన్న బిళ్ల. కుసులు బెజ్జంలో దూర్చి మేకుల బదులు సన్నని కర్ర చీలలు కొట్టాను. మొదటిది ఎండు లైమ్ కర్ర, ప్రతి ముఖంలోనూ ఏటవాలు ఊతలతో. రెండోది అదే కర్ర, ఊతలు లేకుండా. మూడోది పచ్చి ఓక్, ఊతలు లేకుండా. ఒక్కోదాని పైబిళ్ల నుంచి లోపలికి కిలో పంచదార సంచి వేలాడదీసి, కిటికీ పక్కన పెట్టాను.

మే 12

మొదటిది అలాగే ఉంది. రెండోది బరువు వేసిన గంటలోనే కొంచెం తిరిగింది, సంచి తీయగానే వెనక్కి వచ్చింది. మూడోది రోజూ కొంత కొంత తిరుగుతూ, పద్నాలుగు రోజులకు 20 డిగ్రీలు తిరిగింది. సంచి తీశాను. వెనక్కి రాలేదు.

దాన్ని చేతిలో పట్టుకుని ఎంతసేపు తిప్పి చూశానో. నేను ఏ వంపూ చెక్కలేదు. ప్రతి పట్టీ తిన్నగా కోసినదే. కానీ పైబిళ్ల తిరిగింది కాబట్టి ఒక్కో పట్టీ కింద ఒక మూల నుంచి బయలుదేరి పైన పక్క మూల వైపు వెళ్తోంది. తిరిగినకొద్దీ పైబిళ్ల కాస్త కిందికి దిగింది కూడా, ఇంచుమించు రెండు మిల్లీమీటర్లు. అప్పుడు తట్టింది. బరువుకు కావాల్సింది కిందికి దిగడం. వాసాలు నిలువుగా అడ్డుపడితే పక్కకు తిరిగి దిగుతుంది. ఏటవాలు ఊత అనేది ఆ దారిని మూసే గడియ. చెస్టర్‌ఫీల్డ్ వడ్రంగులు గడియ పెట్టలేదు, లేదా చాలినన్ని పెట్టలేదు.

45 డిగ్రీలంటే అష్టభుజిలో సరిగ్గా ఒక ముఖం వెడల్పు. అంటే అసలు శిఖరంలో కింద ఒక మూలలో మొదలైన అంచు, పైకి చేరేసరికి పక్క మూల జాగాకు చేరుకుంటుంది. ఈ సంగతి కాగితం మీద ఎన్నోసార్లు గీశాను. చేతిలో పెట్టుకునేదాకా కళ్లకు కట్టలేదు.

ఒక చిక్కు. రెండోది ఒక దిక్కుకు, మూడోది ఇంకో దిక్కుకు తిరిగాయి. పెద్ద చట్రం తప్పు దిక్కుకు తిరిగితే రెండు నెలల పని పోతుంది.

మే 13

నాన్నకు చిక్కు చెప్పాను. ఆయన వెంటనే నులక మంచం గుర్తుచేశారు.

‘కొత్త మంచానికి నులక అల్లేటప్పుడు ఒకే వైపు నుంచి గుంజి లాగితే ఏమవుతుంది? పట్టెలు మెలిపడి ఒక కోడు నేలకు ఆనదు. అందుకే అటొకసారి ఇటొకసారి లాగుతాం. నీకు కావాల్సిందే ఆ మెలి అయితే, ఒకే వైపు లాగు.’

తప్పు ఎలా చేయాలో తెలిసినవాడే దాన్ని తప్పించగలడని నాన్న దగ్గర పనిచేసిన కుర్రాళ్లందరికీ తెలుసు. నాకే ఉలి ఇవ్వలేదు అప్పట్లో, చేయి కోసుకుంటానని.

జూన్ 16

పెద్ద చట్రం. పచ్చి ఓక్ పట్టీలు ఎనిమిది, కట్లు ఐదు. అప్పటి కొమ్మ సగం ఎండిపోయింది కాబట్టి పట్టీలను ఆవిరి పెట్టి మెత్తబరచాలి. ఇంట్లో ఆవిరి పట్టడానికి వీలైన పాత్ర ఒక్కటే, ఇడ్లీ పాత్ర. రేకులు తీసి పట్టీలను ఏటవాలుగా నిలబెట్టి, మూత పట్టక తడిగుడ్డ కప్పి, ముప్పావుగంట ఉంచాను. ఇల్లంతా తడిసిన తోలు వాసన. మర్నాడు ఇడ్లీ గోధుమరంగులో దిగింది. ఓక్‌లో తోళ్లు పదును పెట్టడానికి వాడే రసాయనమే ఉంటుంది. పాత్రను మూడుసార్లు చింతపండుతో తోమాల్సి వచ్చింది. ఇకపై గ్యారేజీకి వేరే పాత్ర అని తీర్మానం జరిగింది, నేను లేని సమావేశంలో.

చట్రం కట్టాక, కింది కట్టు నుంచి పై బిళ్ల వరకు ఒకే వాలులో నూలు దారం లాగి బిగించాను, నులక లాగినట్టే. రైలు కిటికీలోంచి తీసిన ఫొటో ఎదురుగా పెట్టుకుని దిక్కు సరిచూసుకున్నాను. బియ్యం సంచి లోపల వేలాడదీశాను. మూడు కిలోల ఆరు వందలు. వేసిన క్షణంలో చీలలన్నీ ఒక్కసారి కిర్రుమన్నాయి.

జూలై 7

41 డిగ్రీలు. వాలు 22 మిల్లీమీటర్లు. వాలు దానంతటదే రాలేదు. నైరుతి వైపు ఉండాల్సిన రెండు వాసాలను మిగతావాటి కంటే పచ్చిగా ఉన్న కర్రతో చేశాను, అవి ఎక్కువ దిగుతాయని. ఇది కొంత మోసమే. కానీ అసలు చోట కూడా అన్ని దూలాలూ ఒకే చెట్టువి కావు కదా.

జూలై 21

45, 29. దారం కోసేశాను, సంచి దించాను. ఊపిరి బిగబట్టి చూశాను. ఒక డిగ్రీ వెనక్కి పోయి ఆగింది. లోపల రెండు ఏటవాలు ఊతలు, కనిపించని చోట, జిగురుతో బిగించాను. చెస్టర్‌ఫీల్డ్‌లో తర్వాతి కాలాల వడ్రంగులు చేసింది ఇదే.

సంచిలోని బియ్యం కడిగి వండేశాను.

ఆగస్టు 4

పై తొడుగు. సీసం ఇంట్లో కోయకూడదు, దుమ్ము విషం. అల్యూమినియం జిగురు పట్టీని అగ్గిపుల్ల వెడల్పు ముక్కలుగా కోసి, బూడిదరంగు వేసి, చేపముల్లు ఆకారంలో అంటిస్తున్నాను. ఒక్కో ముఖానికి మూడు సాయంత్రాలు. మెలిక మీద ఏ ముక్కా ఇంకోదాని కొలతకు రాదు. అట్టలు కోసినప్పటి నా గొణుగుడంతా వెనక్కి తీసుకుంటున్నాను.

ముక్కలు అంటిస్తూ ఎండ సంగతి ఆలోచించాను. చెస్టర్‌ఫీల్డ్ వాళ్లు చెప్పే వివరణల్లో ఇదీ ఒకటి: దక్షిణం వైపు సీసం ఎండకు వేడెక్కి సాగుతుంది, ఉత్తరం వైపు సాగదు. సీసం డిగ్రీకి మీటరుకు 0.029 మిల్లీమీటర్లు సాగుతుంది. మూడు మీటర్ల రేకు 30 డిగ్రీలు వేడెక్కితే రెండున్నర మిల్లీమీటర్లు. చిన్న సంఖ్యే. కానీ రోజూ సాగి, రాత్రి పూర్తిగా వెనక్కి ముడుచుకోలేని మెత్తని లోహం అది, పైగా ఏటవాలు కప్పు మీద బరువుకు కిందికే జారుతుంది. ఆరు వందల వేసవుల్లో సగం మబ్బే అనుకున్నా, లెక్క పెద్దదే. చుట్టుపక్కల కొండల్లో రోమన్ల కాలం నుంచీ సీసం తవ్వారు. దగ్గర్లో దొరికే సరుకు కప్పు మీదికి చేరడంలో వింతేమీ లేదు.

ఇలాంటి మెలి శిఖరాలు ఐరోపాలో ఇంకా పదుల సంఖ్యలో ఉన్నాయి, ఫ్రాన్స్‌లో ఎక్కువ. అవన్నీ కలిసి ఒక సంఘం కూడా పెట్టుకున్నాయి. తప్పులకూ సంఘం ఉండటం నాకు నచ్చింది.

ఆగస్టు 25

శిఖరాన్ని గోపురం మీద కూర్చోబెట్టాను. జిగురు లేదు, మేకు లేదు, అసలు దాని లాగే. చాలా గర్వపడ్డాను.

ఆగస్టు 26

మా అబ్బాయి బంతి వేశాడు. శిఖరం పడింది. కొస అరంగుళం విరిగింది, దక్షిణం ముఖం మీద ఏడు ముక్కలు లేచాయి. వాడి ముఖం చూసి తిట్టలేకపోయాను. శిఖరాన్ని గోపురానికి అంటించేయాలన్న ఆశ చాలా పుట్టింది. చివరికి లోపల అడుగున ఇనుప వాషర్లు పేర్చి బరువు పెంచాను. ఇప్పుడు బల్లను చేత్తో కుదిపినా కదలడం లేదు. గాలికి అసలు శిఖరం ఎలా నిలబడిందో, ఇదీ అలాగే నిలబడుతుంది: బరువు మీద.

సెప్టెంబరు 15

మళ్లీ చెస్టర్‌ఫీల్డ్ వెళ్లాను, రంగు సరిచూసుకోవడానికి. వాన వెలిశాక సీసం దాదాపు వెండి. ఎండలో లేత గోధుమ. మబ్బులో పావురం మెడ. ఏదో ఒకటి ఎంచుకోవాలి, మబ్బు ఎంచుకున్నాను, ఈ దేశానికి అదే న్యాయం.

మధ్యయుగంలో ఈ గోపురం మీదికి సరుకు లాగిన పెద్ద చెక్క చక్రం ఒకటి దక్కింది, ఊరి మ్యూజియం సొత్తు. దాని ఫొటో నాన్నకు పంపాను. అయిదు నిమిషాల తర్వాత జవాబు వచ్చింది: ‘ఆకులు అతికిన చోట దగ్గరగా తీసి పంపు.’

అక్టోబరు 20

నమూనా ముందుగదిలో అల్మరా మీద ఉంది. ఈ వారం నుంచి ఇంట్లో హీటరు వేస్తున్నాం. ఇవాళ దుమ్ము తుడుస్తూ, ఊరికే, కొస నుంచి గుండు వేలాడదీసి కొలిచాను.

31.5 మిల్లీమీటర్లు. విరిగి అతికించిన కొస కూడా సరిగ్గానే ఉంది, రెండుసార్లు చూశాను. ఓక్ ఇంకా ఆరుతోంది. స్కేలు ప్రకారం ఒకటిన్నర మిల్లీమీటర్లంటే అసలు చర్చిలో దాదాపు అరడుగు.

నాన్నకు చెప్తే, ‘హీటరుకు ఎంత దూరంలో పెట్టావు?’ అని అడిగారు. అల్మరాను కిటికీ వైపు జరిపాను. పక్కన గిన్నెలో నీళ్లు పెట్టాను. వచ్చే ఆదివారం మళ్లీ కొలవాలి.